బెత్తం పోయింది, టైం రాలేదు

2024 జులైలో మంచిర్యాల జిల్లా జన్నారం మండలం పొనకల్ ప్రాథమిక పాఠశాల నుంచి ఒక ఉపాధ్యాయుడికి బదిలీ అయింది. కొత్త బడి అక్కపెల్లిగూడలో, అక్కడికి మూడు కిలోమీటర్లు. ఆయన వెళ్ళిన రెండు మూడు రోజుల్లోనే పొనకల్ బడి పిల్లలు 133 మంది ఆయన వెనకే వెళ్ళి ఆ బడిలో చేరిపోయారు. పేపర్లలో వచ్చింది, టీవీల్లో వచ్చింది, మా టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులు తిరిగింది. గురువంటే ఇలా ఉండాలి అని దండాల బొమ్మలు.

ఆయన గొప్పవారే, సందేహం లేదు. కానీ ఆ వార్తలో నన్ను ఆపింది వేరే సంగతి. పదేళ్ళకు పైగా ఆయన ఆ ఒక్క బడిలోనే ఉన్నారు. ఒకటో తరగతిలో చేరిన పిల్ల ఐదో తరగతి దాటేదాకా ఆయన కళ్ళముందే పెరిగింది. ఆ పిల్ల అన్న కూడా ఆయన దగ్గరే చదివి ఉంటాడు. తల్లికి ఆయన తెలుసు, ఆయనకు ఆ ఇల్లు తెలుసు. ఇంత పరిచయం కుదిరిన చోట మామూలు టీచర్ కూడా మంచి టీచర్ అవుతాడని నా నమ్మకం. అది కుదరని చోట ఎంత మంచి మనిషయినా పాఠం చెప్పి వెళ్ళిపోయే మనిషే అవుతాడు.

టీచరుకీ పిల్లలకీ మధ్య మంచి సంబంధం గురించి మనం ఎప్పుడూ స్వభావాల భాషలోనే మాట్లాడతాం. ఓర్పు, ప్రేమ, అంకితభావం. శిక్షణా తరగతులకు పోతే అక్కడా అదే వినిపిస్తుంది: పిల్లల్ని ప్రేమించండి, పేరు పెట్టి పిలవండి, నవ్వుతూ తరగతిలోకి వెళ్ళండి. వినడానికి బాగుంటుంది. కానీ ఆ సంబంధం ముఖ్యంగా టైంటేబుల్ మీద, బదిలీల మీద, ఒక టీచర్ చేతికి ఎంతమంది పిల్లల్ని ఇచ్చారన్న దాని మీద ఆధారపడుతుందని నేను అంటాను. వీటిని నిర్ణయించేవాళ్ళు వీటిని కదపకుండా మమ్మల్ని నవ్వమంటున్నారు.

నేను కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని. అంతకుముందు ఎస్జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా, ప్రాథమిక పాఠశాలలో చేశాను. రెండు ఉద్యోగాలకూ పేరు టీచరే గానీ, పిల్లలతో సంబంధం లెక్కన చూస్తే అవి రెండు వేరే వృత్తులు. ప్రాథమిక బడిలో నా పిల్లలు పొద్దున ప్రార్థన దగ్గర్నుంచి సాయంత్రం ఇంటిగంట దాకా నా దగ్గరే ఉండేవారు. ఎవరు అన్నం తినకుండా వచ్చారో మొహం చూస్తే తెలిసేది. ఎవరికి బోర్డు సరిగ్గా కనిపించడం లేదో, ఎవరు పక్కవాడి పలకలో చూసి రాస్తున్నారో, ఎవరి నాన్న రాత్రి గొడవ చేశాడో, నేను అడగకపోయినా నాకు తెలిసిపోయేది. హైస్కూల్‌కి వచ్చాక ఐదు సెక్షన్లు. తలలు లెక్కేస్తే మొత్తం రెండు వందల దాకా పిల్లలు. పీరియడ్ నలభై నిమిషాలు. అందులో హాజరు, హోంవర్క్ చూడటం, నిన్నటి పాఠం గుర్తు చేయడం పోను మిగిలింది పాఠం. పాఠం అయ్యేలోపు గంట కొడతారు. దసరా వచ్చేసరికి కూడా వెనక బెంచీలో కొందరి పేర్లు నోటికి రావు. దీన్ని నేను తప్పుగా ఒప్పుకోవడం లేదు, లెక్క చెప్తున్నాను.

మా వైపు ఇంకో చిక్కు ఉంది. దసరా దాటాక ఊళ్ళు ఖాళీ అవుతాయి. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోతాయి. పిల్లల్ని వదిలి వెళ్ళేవాళ్ళ కోసం సీజనల్ హాస్టళ్ళు పెడతారు గానీ, వెంట తీసుకుపోయేవాళ్ళే ఎక్కువ. పిల్లవాడికి చేతులు ఉంటాయి కదా, కూలి వస్తుంది. రిజిస్టర్‌లో వరసగా సున్నాలు పడతాయి. వేసవి మొదలయ్యే ముందు ఎప్పుడో ఒకరోజు తిరిగొచ్చి వెనక బెంచీలో కూర్చుంటారు. నల్లబడి, కొంచెం పొడుగై ఉంటారు.

అలా తిరిగొచ్చిన ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి ఒకసారి అడిగాను. ఆ రోజు ఇంగ్లీషు సార్ సెలవు, పై పీరియడ్ కూడా నాదే, అందుకే అడగగలిగాను.

"యాడికి పోయినావురా ఇన్ని దినాలు?"

"గుంటూరు తావకి సార్. మిరపకాయలు తెంపనీకి."

"లెక్కలు ఏమన్నా జ్ఞాపకముండాయా, అన్నీ మరిసిపోయినావా?"

"మా గుంపుకంతా కూలి లెక్క నేనే రాస్తుంటి సార్. మేస్త్రి తప్పు రాస్తాడని మా అవ్వ నన్నే రాయమనె."

ఎవరు ఎన్ని కిలోలు తెంపారు, కిలోకి ఎంత, అడ్వాన్సు ఎంత పోయింది, మిగిలింది ఎంత... ఇరవై మంది పద్దు వాడి నోట్‌బుక్‌లో ఉంది. నా రిజిస్టర్ ప్రకారం వాడు 'సి గ్రేడ్'. అప్పటిదాకా వాడితో నేను మాట్లాడిన మాటలు 'కూర్చో', 'రాయి', 'ఎందుకు తేలేదు' తప్ప ఇంకేమీ లేవు. అనుపాతం పాఠం వాడి పద్దుతోనే మొదలుపెట్టాను. ఆ తర్వాత వాడు లెక్కల్లో పెద్ద ర్యాంకేం తెచ్చుకోలేదు, కానీ సందేహం వస్తే లేచి అడగడం మొదలుపెట్టాడు. ఒక ఖాళీ పీరియడ్ వల్ల దొరికిన సంబంధం ఇది. ఖాళీ పీరియడ్ దొరకని పిల్లలు మిగతా అందరూ.

ఇప్పుడు ప్రభుత్వాల సంగతి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 117 నంబర్ జీవో వచ్చింది. కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్ళకు ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను తరలించారు. ఎనిమిదేళ్ళ పిల్లలకు కూడా సబ్జెక్టుకొక టీచర్ ఉంటే చదువు బాగుపడుతుందన్నది దాని వెనక ఆలోచన. తల్లిదండ్రులు ధర్నాలు చేశారు. రోడ్డు దాటాలి, దూరం ఎక్కువ, బడి మూతపడుతుంది అన్నారు. అవన్నీ నిజమే. నా బాధ మాత్రం వేరు. నిన్నటిదాకా ఒక్క టీచరమ్మను పట్టుకుని తిరిగిన పిల్ల, ఇప్పుడు గంటకొకసారి మారిపోయే మనుషుల ముందు కూర్చోవాలి. కడుపునొప్పి వస్తే ఎవరికి చెప్పాలో తెలియదు. ఆ పిల్లలు మా వరండాలో తప్పిపోయినట్టు నిలబడటం నేను చూశాను.

ఈ ఆలోచన మనదొక్కటే కాదు. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 46 ప్రాథమిక పాఠశాలలు తీసుకుని, లాటరీ పద్ధతిలో కొన్నింటిలో టీచర్లను సబ్జెక్టుల వారీగా విడగొట్టి చూశారు. ఏ టీచర్ ఏ సబ్జెక్టులో బలంగా ఉంటే ఆ సబ్జెక్టే ఇచ్చారు. కాగితం మీద చూస్తే మార్కులు పెరగాలి. రెండేళ్ళు గడిచాక చూస్తే తగ్గాయి. పిల్లలు బడికి రావడం తగ్గింది, ప్రవర్తన బాగాలేదని సస్పెండ్ చేయడం పెరిగింది. పిల్లల్ని విడివిడిగా పట్టించుకోవడం తమకు తగ్గిపోయిందని టీచర్లే చెప్పారు. రోలండ్ ఫ్రయర్ అనే ఆర్థికవేత్త 2018లో ఈ ఫలితాలు ప్రచురించారు. అదే ఏడాది నార్త్ కరొలైనా రాష్ట్రం నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది: వరసగా రెండో ఏడాది కూడా అదే టీచర్ దగ్గర చదివిన పిల్లల మార్కులు కొంచెం పెరిగాయి. పెరుగుదల చిన్నదే. కానీ దానికి పైసా ఖర్చు లేదు, కొత్త పుస్తకం లేదు, ట్యాబ్ లేదు. అదే మనిషి ఇంకో ఏడాది, అంతే.

హ్యూస్టన్ వేరు, కోసిగి వేరు అని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. అయితే మన దగ్గర చేసే ముందు అలా ఏ ఊళ్ళోనైనా పరీక్షించి చూసినట్టు నేనైతే వినలేదు. 2025లో ఆ 117 జీవో రద్దయింది. బడులను మళ్ళీ విడగొట్టి కొత్త పేర్లు పెట్టారు. ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికొక టీచర్ ఉండాలన్నారు. ఆ ఒక్క మాటకు మాత్రం నేను మనస్ఫూర్తిగా చప్పట్లు కొడతాను. అన్నిచోట్లా అమలైతే ఇంకా గట్టిగా కొడతాను.

ఇక బెత్తం. 2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట హైస్కూల్లో ప్రధానోపాధ్యాయుడు పిల్లల ముందు సాష్టాంగపడి, ఆపైన తనే గుంజీలు తీశారు. మిమ్మల్ని కొట్టలేం, తిట్టలేం, మీరేమో చదవరు అన్నది ఆయన బాధ. ఆ వీడియో చూసి విద్యాశాఖ మంత్రి మెచ్చుకున్నారు. సోషల్ మీడియా రెండుగా చీలింది. ఒక సగం 'పాపం మాస్టారు', ఇంకో సగం 'మా కాలంలో బెత్తం విరిగేలా కొట్టేవాళ్ళు, అందుకే ఇలా ఉన్నాం'.

ఈ రెండో మాట నాకు అస్సలు మింగుడు పడదు. గోడకుర్చీ, తొడపాశం, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం, వేళ్ళ మధ్య పెన్సిల్ పెట్టి నొక్కడం, ఇవన్నీ నేనూ అనుభవించాను. ఆ దెబ్బలకు భయపడి బడి మానేసినవాళ్ళు మా తరగతిలో ఉన్నారు. వాళ్ళు ఫేస్‌బుక్‌లో 'మా మాస్టారు కొట్టిన దెబ్బలే నన్ను మనిషిని చేశాయి' అని రాయరు. గొర్రెలు కాస్తున్నారు, బోరు లారీల మీద పనిచేస్తున్నారు. దెబ్బలు తిని గట్టెక్కినవాడి సాక్ష్యం ఒక్కటే మనకు వినిపిస్తుంది.

పైగా బెత్తం పట్టుకున్న పాత మాస్టారు దగ్గర బెత్తం ఒక్కటే ఉండేది కాదు. ఆయన ఊళ్ళోనే కాపురం ఉండేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మా నాన్న పోయి పక్కన కూర్చునేవాడు. కొట్టిన పిల్లవాడి ఇంటికే మజ్జిగ తాగడానికి పోయేవాడు. ఆ మాస్టర్లలో మనకు గుర్తుండాల్సింది ఆ కాపురం. మనం దాన్ని వదిలేసి బెత్తాన్ని పట్టుకున్నాం. ఇవాళ టీచర్లు ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో కాపురం పెట్టి బైకుల మీద, షేర్ ఆటోల్లో వస్తారు. నేనూ అంతే. పిల్లల చదువులు, ఇల్లాలి ఉద్యోగం, ఊళ్ళో అద్దె ఇల్లు దొరక్కపోవడం, కారణాలు ఎవరివి వాళ్ళకున్నాయి. ఆ కాలం తిరిగి రాదు, రమ్మని ఏడవడం వల్ల లాభం లేదు.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. చాలా మంచి పని. కానీ రెండు వందల మందిని నలభై నిమిషాల ముక్కలుగా చూసే మనిషి చేతిలోంచి బెత్తం తీసేసినప్పుడు ఆ చేతిలో ఇంకేదో పెట్టాలి కదా. భయం ఎందుకు అంత ప్రాచుర్యంలో ఉండిందంటే దానికి టైం పట్టదు. ఒక్క దెబ్బతో తరగతంతా సద్దుమణుగుతుంది. ఎందుకురా రాయలేదు అని కూర్చుని అడగాలంటే పది నిమిషాలు కావాలి, వాడు నిజం చెప్పాలంటే ఇంకో పది రోజులు కావాలి. పెంట మాస్టారి గుంజీల్లో నాకు కనిపించింది ఆ టైం లేనితనం. పిల్లలు మారారు, ఫోన్లు వచ్చాయి, ఎదురు చెప్తున్నారు, ఒక్క ఫిర్యాదుకే టీచర్‌ను సస్పెండ్ చేస్తారన్న భయం ఉంది, ఇవేవీ అబద్ధం కావు. అయినా 'కొట్టలేం కాబట్టి ఏమీ చేయలేం' అన్న మాటతో నేను ఏకీభవించలేను.

టైం ఉండాలంటే ఉన్న టైం దోచుకోకూడదు. అదే చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులకు తప్ప టీచర్లను బోధనేతర పనులకు వాడకూడదు. 2024 నవంబరులో తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వేకి ఎస్జీటీలను వేసి, ప్రాథమిక బడులను మధ్యాహ్నం దాకానే నడిపారు. ఆంధ్రాలో 2024 దాకా మరుగుదొడ్ల ఫోటో, దానితో పాటు భోజనం ఫోటో, గుడ్డు ఫోటో, మా మొహం ఫోటో. ఒక దశలో యాప్‌లు ఎన్నున్నాయో మాకే గుర్తుండేది కాదు. పిల్లవాడు తింటున్నాడా లేదా అని వాడి కంచంలోకి చూడాల్సిన కళ్ళు సెల్ఫోన్‌లో సర్వర్ తిరుగుతోందా లేదా అని చూస్తుంటాయి.

భాష గురించి కూడా ఒక మాట. 1880లో పర్లాకిమిడిలో మాస్టారుగా చేరిన గిడుగు రామమూర్తి, సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తను సవర భాష నేర్చుకున్నారు. తర్వాతే సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం అయిన ఆగస్టు 29న ఆయన ఫోటోకు దండ వేసి, ఆ మర్నాడు తండా నుంచి వచ్చిన పిల్లకు, ఇంట్లో కన్నడ మాట్లాడే పిల్లవాడికి, రాని ఇంగ్లీషులో పాఠం చెప్తాం. ఇంగ్లీషు మీడియం వద్దని నేను అనడం లేదు, తల్లిదండ్రులు అడుగుతున్నారు, ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. కానీ సందేహం, జోకు, అబద్ధం, కోపం ఈ నాలుగూ పిల్లవాడి నోట్లోంచి వాడి భాషలోనే వస్తాయి. వాటికి తలుపు మూసిన తరగతిలో సంబంధం ఏముంటుంది, 'ఎస్ సార్' తప్ప.

దగ్గరితనం అన్న మాట చెప్పగానే కొందరు యువ టీచర్లు పిల్లలతో రీల్స్ చేయడం మొదలుపెట్టారు. నాకది నచ్చదు, ముసలివాడినయ్యానని అనుకున్నా సరే. కెమెరా వైపు తిరిగిన పిల్ల టీచర్ వైపు తిరగదు. పైగా ఆ రీల్స్‌లో ఎప్పుడూ ముందు వరసలో ఉండేది ఎవరో చూడండి: చలాకీ పిల్లలు, బట్టలు బాగున్న పిల్లలు. దగ్గరితనంలో అసలు ప్రమాదం అక్కడుంది. అది అందరికీ సమానంగా పంచబడదు. టీచర్ నవ్వు తనలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లల మీద ముందు పడుతుంది. మా పల్లెల్లో కులం సంగతి దాచిపెట్టి మాట్లాడితే అది మాట్లాడటమే కాదు. మాస్టారికి నీళ్ళు తెమ్మని ఎవర్ని పంపిస్తున్నాం, వరండా ఊడ్వమని ఎవర్ని పంపిస్తున్నాం, 'వీడికి రాదులే' అని ఎవరి పేరు చదవకుండా వదిలేస్తున్నాం? పిల్లలు మన పాఠాల కంటే ఇవి బాగా గమనిస్తారు. అలాగే తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఒక్క పిల్లతో మాట్లాడకపోవడం లాంటి హద్దులు టీచర్ మంచితనానికి వదిలేయకూడదు, అవి బడి నియమాలుగా ఉండాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012లో ఊరికే రాలేదు.

కాబట్టి నేను అడిగేవి చాలా పొడిపొడి సంగతులు. ఎనిమిదిలో లెక్కలు చెప్పిన టీచర్‌కే ఆ సెక్షన్‌ను తొమ్మిదిలో, పదిలో ఇవ్వండి. క్లాస్ టీచర్‌కు రోజూ పొద్దున ఒక ఇరవై నిమిషాలు పాఠం లేకుండా ఇవ్వండి. హాజరుకే సరిపోయే ఐదు నిమిషాలు కాదు. బదిలీలు వేసవిలో చేయండి. ఎనిమిదేళ్ళకు తప్పనిసరి బదిలీ అన్న నియమం మీద నాకు పేచీ లేదు, ఎనిమిదేళ్ళు చాలా కాలం. అసలు పేచీ విద్యాసంవత్సరం మధ్యలో 'వర్క్ అడ్జస్ట్‌మెంట్' పేరుతో టీచర్‌ను ఒక బడిలోంచి పీకి ఇంకో బడిలో పెట్టడం మీద. పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య కాగితం మీద సరిపోతాయి, నవంబరులో ఆ తరగతి ముందు మాత్రం కొత్త మొహం నిలబడి ఉంటుంది.

మొదటి కోరిక మా హెచ్చెమ్ గారి దగ్గర పెడితే, అభ్యంతరం ఆయన నుంచి కాకుండా స్టాఫ్‌రూంలోంచే వచ్చింది. పదో తరగతి ఫలితాలు చూపించాలి కాబట్టి గట్టి టీచర్లను పదికే కట్టేయడం మా దగ్గర ఆనవాయితీ. ఆరు, ఏడు ఎవరికి పడితే వాళ్ళకు. మూడేళ్ళు వెంట నడిచే పద్ధతి పెడితే ఆ ఆనవాయితీ పోతుంది. అంతకంటే గట్టి ప్రశ్న మా సైన్స్ మేడం వేశారు. "సరే సార్, ఒక పిల్లకీ ఒక టీచర్‌కీ అస్సలు పడదు అనుకోండి. మీ లెక్కన ఆ పిల్ల మూడేళ్ళూ ఆ మనిషి దగ్గరే పడి ఉండాలా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ప్రతి ఏడాది చివర తల్లిదండ్రులు అడిగితే, కారణం చెప్పమని గుచ్చి గుచ్చి అడగకుండా, సెక్షన్ మార్చే వీలు ఉండాలి అన్నాను. ఒక్క సెక్షనే ఉన్న బడుల్లో అదీ కుదరదని ఆవిడ అన్నారు. నిజమే. మా బడిలో ఎనిమిదికి రెండు సెక్షన్లున్నాయి కాబట్టి వచ్చే జూన్‌లో ఒకదాంట్లో మొదలుపెట్టి చూద్దామని హెచ్చెమ్ గారు ఒప్పుకున్నారు. ఆ సెక్షన్‌కు సైన్స్ చెప్పడానికి మేడం కూడా సరేనన్నారు, తన అభ్యంతరం వెనక్కి తీసుకోలేదు గానీ.